ముందు నిలబడే పేరు

మా ఊళ్ళో కోడళ్ళకు పేర్లుండవు, ఊర్లుంటాయి. ఏ ఊరి నుంచి పెళ్ళయి వచ్చిందో ఆ ఊరే ఆమెకు పేరవుతుంది. మా పక్కింటావిడ తాడిపత్రామె. ఎదురింటావిడ ఉరవకొండామె. ఒకే ఊరి నుంచి ఇద్దరొస్తే పెద్ద ఉరవకొండామె, చిన్న ఉరవకొండామె అంటారే తప్ప, సొంత పేరు పెట్టి పిలుద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు. మొగుడు పిలవడు, అత్త పిలవదు, తోడికోడళ్ళు పిలవరు. ఇంక ఊరికేం పట్టింది? బుక్కరాయసముద్రం పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో మా అమ్మ కుందుర్పామె.

నిజం చెప్పాలంటే అమ్మది కుందుర్పి కాదు. కుందుర్పి దాటి, కర్ణాటక పొలిమేర తట్టు ఇంకా లోపలికి పోతే వచ్చే ఒక పల్లె. పెళ్ళయిన కొత్తలో నీళ్ళ దగ్గర ఎవరో “యా ఊరు మ్మే నీది?” అని అడిగితే ఆ పల్లె పేరే చెప్పిందట. అడిగినావిడకు అర్థం కాలేదు. “యాడుండాది అది?” అందట. “కుందుర్పి తట్టు” అంది అమ్మ. అంతే, ఆ పూట నుంచి కుందుర్పామె అయి కూర్చుంది. మొదట్లో కొన్నాళ్ళు “నాది కుందుర్పి కాదు” అని సరిదిద్దేదట. ఊరంతా ఒక తప్పు చెబుతుంటే ఒక్క మనిషి ఎంతమందిని సరిదిద్దుతుంది? తర్వాత విసుగొచ్చి పలకడం మొదలుపెట్టింది.

అమ్మకు వేరే పేరుందని నాకు తెలిసింది సెలవుల్లో మా మామ ఇంటికి వెళ్ళినప్పుడే. మామ అంటే అమ్మకు తమ్ముడు. ఆ పల్లెలో అడుగు పెట్టగానే అమ్మ వేరే మనిషయ్యేది. అరుగుల మీది ముసలివాళ్ళు, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు, వీధిలో కసువు ఊడ్చేవాళ్ళు, అందరూ ఆమెను పేరు పెట్టి కేకేసేవాళ్ళు. ముందు ‘ఒసే’ తగిలించి మరీ పిలిచేవాళ్ళు. మొదటిసారి విన్నప్పుడు ఎవరిని పిలుస్తున్నారో నాకు తెలియలేదు. అమ్మ తల తిప్పి నవ్వింది. అలా నోరారా నవ్వడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. చిన్నపిల్లనే అయినా నాకు కొంచెం కోపం వచ్చింది, ఈ నవ్వంతా మాకు పెట్టకుండా ఇక్కడ దాచుకుందా అని. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. అది ఆ పల్లె సొత్తు.

మామ ఇల్లు గొప్పగా చెప్పుకోదగ్గదేమీ కాదు. మట్టి మిద్దె. వానొస్తే కారుతుంది, వాన రాదు కాబట్టి నిలబడి ఉంది. దాని వాకిలి మాత్రం గట్టిది. అమ్మ వాళ్ళ తాత ఎప్పుడో వేపమాను కొట్టించి చేయించిన ద్వారబంధం. గడప మీద తరాల పసుపు పేరుకుని చెక్క ఏ రంగో తెలిసేది కాదు. పెళ్ళయి పోయినా ఆ గడపకు పసుపు పూసే హక్కు ఇంటి ఆడబిడ్డదే. మా వైపు కొత్త ఇంటికి వాకిలి నిలబెట్టే రోజున ఆడబిడ్డ వచ్చి గడపకు పసుపు పూసి బొట్లు పెడితే గానీ వడ్రంగి చెయ్యి వెయ్యడు. ఆమె ఎంత దూరాన ఉన్నా, అన్నదమ్ములతో మాటలు లేకున్నా, ఆ రోజు కబురు పెట్టాల్సిందే, ఆమె రావాల్సిందే. ఆమెకు చీర పెట్టి సాగనంపాలి.

ఇదంతా ఒక పక్క. ఇంకో పక్క నా ఇంగ్లీషు చదువు ఉంది. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో మాకు ఇంగ్లీషు చెప్పే సారుది గుంతకల్లు. వాళ్ళ నాయన రైల్వేలో పనిచేసేవాడట. సారు పాఠంలో రైలు కూయని రోజు లేదు. ఒకరోజు బోర్డు మీద రెండేసి పేర్లు, అంటే నౌన్లు, పక్కపక్కన రాశాడు. “ఇంగ్లీషులో పేరు ముందు పేరు పెడతారు. మధ్యలో ఏమీ ఉండదు. కోసం ఉండదు, తో ఉండదు, లో ఉండదు. ఊరికే తెచ్చి నిలబెడతారు. మీరేం చెయ్యల్ల? చివరిదాన్ని చూడల్ల. చివరిదే అసలు వస్తువు. ముందుది దానికి బంట్రోతు” అన్నాడు. తర్వాత ఉత్సాహం వచ్చి, రైల్వే స్టేషన్ క్యాంటీన్ టీ గ్లాస్ అని బోర్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా రాశాడు. “ఎన్ని తగిలించినా చివరికి నీ చేతిలో ఉండేది గ్లాసే కదప్పా” అన్నాడు.

“గ్లాసులో టీ ఉంటుందా సార్?” అని అడిగాను నేను.

“అది ఇంగ్లీషు చెప్పదు. టీ గ్లాస్ అంటే టీ తాగే గ్లాసు. టీ ఉండాదో లేదో నువ్వే చూసుకోవల్ల.”

ఇంకో మాట కూడా చెప్పాడు. ముందు నిలబడే పేరు ఒంటరిదైపోతుందట. అంగడిలో వంద జతల చెప్పులున్నా షూ షాప్ అనాలి గానీ షూస్ షాప్ అనకూడదు. “మరి గూడ్స్ రైలు సంగతేంది సార్?” అని వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. సారు వాణ్ణి కాసేపు చూసి, “రైల్వేవాళ్ళకు అన్ని రూల్సూ ఉండవప్పా, కూచో” అన్నాడు. క్లాసంతా నవ్వింది.

నేను నవ్వాను గానీ ఆ పాఠం నన్ను వదల్లేదు. ఇంటికి వచ్చే బస్సులో అదే ఆలోచన. తెలుగులోనూ పేరు ముందు పేరు నిలబడుతుంది. కాని ముందు నిలబడేటప్పుడు కాస్త వంగుతుంది. గడప ముందుకు ఇల్లు వస్తే ఇంటి గడప అవుతుంది. ఊరు ఊరి బావి అవుతుంది, కన్ను కంటి నీరు అవుతుంది. ఇంగ్లీషు పేరు వంగదు, కట్టెలా నిలబడుతుంది. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే ఎదురింటావిడ “కుందుర్పామె కూతురొచ్చింది” అంది ఎవరితోనో. అప్పుడు తట్టింది నాకు. సారు చెప్పినట్టు చివరిదే అసలు వస్తువైతే, మా అమ్మ పేరులో చివర ఉన్నది ‘ఆమె’. అది పేరు కూడా కాదు. ముందున్న ఊరు తీసేస్తే మా అమ్మ ఈ ఊళ్ళో ఎవరూ కాదు. ఆ రోజు అన్నం తింటూ ఆ మాట అమ్మతో అన్నాను. “నీ చదువు తగలెయ్య, పప్పు యేసుకో” అంది.

డిగ్రీ అయ్యాక అనంతపురంలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో టీచరుగా చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. వానలు మా జిల్లాను పూర్తిగా మరిచిపోయిన ఏళ్ళు. ఆ ఏళ్ళలో మా ఊళ్ళోకి వాన రాలేదు గానీ ఇంగ్లీషు మాత్రం బాగా వచ్చింది. వాటర్ ట్యాంకర్, క్రాప్ లోన్, బోర్‌వెల్ లారీ, పశువుల మేతకు ఫాడర్ క్యాంప్. బడి ముఖం చూడని మా నాయన కూడా అరుగు మీద కూర్చుని ‘క్రాప్ ఇన్సూరెన్స్’ అనేవాడు, ఏదో దేవుడి పేరు తలచినట్టు. ఎక్కడ చూసినా పేరు ముందు పేరు. ముందున్న క్రాప్ చేలో లేదు, ముందున్న వాటర్ చెరువులో లేదు.

క్లాసులో ఇదే పాఠం చెప్పే వంతు నాకూ వచ్చింది. రైస్ బ్యాగ్‌కూ బ్యాగ్ ఆఫ్ రైస్‌కూ తేడా చెబుతున్నాను. రెండోదానిలో బియ్యం ఉండి తీరాలి, మొదటిదానిలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు అన్నాను. ఒక పిల్ల లేచి, “మిస్, మా ఊళ్ళో వాటర్ ట్యాంకులో నీళ్ళు రాక శానా రోజులాయ. దాన్ని ఇంగ్లీషులో ఏమనల్ల?” అంది. వాటర్ ట్యాంకే అనాలన్నాను. “నీళ్ళు లేకపోయినా?” అంది. లేకపోయినా అన్నాను. ఆ పిల్ల నన్ను చూసిన చూపులో, మీ ఇంగ్లీషు కూడా లేని నీళ్ళు ఉన్నాయనే మా సర్పంచి లాంటిదేనా అన్న ప్రశ్న కనిపించింది. నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వచ్చింది.

ఆ ఏడే మామ బెంగళూరు మాట ఎత్తాడు. వేయించిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. పశువులు పోయాయి. ఆ పల్లెలో సగం మంది అప్పటికే బెంగళూరు వెళ్ళి, కట్టే బంగ్లాల్లో ఇటుకలు మోస్తూ అక్కడే రేకుల కింద ఉంటున్నారు. మామ కూడా పోతాడేమోనని అమ్మకు పగలూ రాత్రీ అదే బెంగ. అంట్లు తోముతూ, ఉల్లిగడ్డ తరుగుతూ, ఎదురుగా ఎవరూ లేకపోయినా మాట్లాడేది. “పోతే పోనీ. బతికేదానికి పోతాడు, ఎవురొద్దంటారు. ఆ వాకిలి ఒక్కటి నిలబడుంటే సాలు నాకు. ఏడాదికొకపారి పోయి పసుపు పూసుకోనొస్తా” అనేది. ఆమెకు కావలసింది అంతే. తమ్ముడు కాదు, ఇల్లు కాదు, ఆ వాకిలి. తన పేరు పెట్టి పిలిచే వీధిలోకి తెరుచుకునే వాకిలి. అది ఉన్నంతకాలం ఆమెకు ఒక ఊరున్నట్టు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం, మామ వాళ్ళ పల్లె నుంచి గొర్రెలు అమ్ముకోవడానికి వచ్చిన మనిషి మా ఇంటికొచ్చాడు. చెంబెడు నీళ్ళు తాగి, “మీ తమ్ముడు రేపు రమ్మన్నాడమ్మా. నువ్వొచ్చి గడపకు పసుపు పూసి పోవల్లంట” అని చెప్పి, ఇంకేమీ అడగకముందే బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆడబిడ్డను గడపకు పిలిచారంటే ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే. మామ కొత్త వాకిలి నిలబెడుతున్నాడు. పాతది పుచ్చిపోయి ఉంటుంది, లేదా ఇల్లు బాగు చేయించుకుంటున్నాడు. అంటే ఎక్కడికీ పోడు.

“చూసినావా?” అంది నాతో, వాదనలో గెలిచినట్టు. “పొయ్యేవోడైతే వాకిలి యాల నిలబెడతాడు?”

“ఈ కరువులో కొత్త వాకిలి ఎవరు పెడతారమ్మా?” అన్నాను.

“నీకు ఇంగ్లీషు తెలుసు గానీ ఇండ్ల సంగతి తెలీదు. నోరు మూసుకోని నాతో రా.”

నాయన పక్కనే కూర్చుని అంతా విన్నాడు. ఆయనకు ఏమనిపించిందో గానీ, “పొయ్ రాండి” అని మాత్రం అన్నాడు. అమ్మ ఆ సాయంత్రమే బుక్కరాయసముద్రం అంగట్లో పసుపు, కుంకుమ, టెంకాయ కొనుక్కొచ్చింది. మరదలికి రవిక గుడ్డ తీసుకుంది. మర్నాడు పొద్దున్నే పెట్టె అడుగు నుంచి పట్టుచీర తీసి కట్టుకుంది. ఆ చీర కట్టుకుని ఆమె బస్సెక్కుతుంటే నాకు భయమేసింది.

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం, అక్కడి నుంచి కుందుర్పి. కిటికీ బయట చూడటానికి ఏమీ లేదు. దున్ని వదిలేసిన ఎర్ర నేల, అక్కడక్కడా కంపచెట్లు. పక్క సీటులో కూర్చున్నావిడ అమ్మ చీరను, ఒళ్ళోని టెంకాయను చూసి, “యాడికి మ్మే, పెండ్లికా?” అని అడిగింది. “కాదు. మా తమ్ముడు కొత్త వాకిలి నిలబెడతాండాడు. నేనే పసుపు పూయల్ల” అంది అమ్మ. అడక్కపోయినా పల్లె పేరు కూడా చెప్పింది. కుందుర్పి అనలేదు. సొంత పల్లె పేరే, గట్టిగా చెప్పింది. ఆవిడ “అట్లనా” అని, టెంకాయను ఇంకోసారి చూసింది.

కుందుర్పిలో దిగి ఆటో మాట్లాడుకుని పల్లె మొదట్లో దిగాం. ఆటోవాడు ఇంకా లోపలికి రానన్నాడు. వీధిలోకి అడుగుపెట్టగానే అమ్మ అలవాటుగా పైట సర్దుకుంది, ఎవరైనా పిలుస్తారని. ఎవరూ పిలవలేదు. మొదటి ఇంటికి తాళం. పక్కింటికి తాళం. ఆ తర్వాతి ఇంటికి తాళం వేయడానికి వాకిలే లేదు. గోడలో పెద్ద బొక్క మాత్రం ఉంది. అందులోంచి లోపల కూలిన మిద్దె మట్టి కనిపిస్తోంది. అలాంటివి ఇంకా ఉన్నాయి. అమ్మ నడక నెమ్మదించింది. అరుగు మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. అమ్మ ఆయన ముందు ఆగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు గానీ గుర్తు పట్టలేదు. చూపు పోయిందట. తర్వాత మామ భార్య, మా అత్త చెప్పింది.

మామ ఇంటి ముందు ట్రాక్టరు నిలబడి ఉంది. గడ్డపారలు పట్టుకుని ఇద్దరు కూలీలు నీడన కూర్చున్నారు. పాత వాకిళ్ళు కొనే బేరగాడు ఒకడు ట్రాక్టరుకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. మమ్మల్ని చూడగానే, “ఆడబిడ్డ వచ్చిందా?” అని లోపలికి కేకేశాడు. అత్త బయటికొచ్చి “వదినా” అంది. అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

అమ్మ ఇంకా నమ్మలేదు. వెనకాలే వచ్చిన మామను చూసి, “కొత్త వాకిలి యాడప్పా?” అని అడిగింది.

“కొత్తది కాదక్కా” అన్నాడు మామ. “ఉన్నేది తీసేస్తాండాం.”

“తీసేసేదానికి నన్ను యాల పిలిచినావు?”

“నిలబెట్టేటప్పుడు ఆడబిడ్డను పిలిచినారు కదా. తీసేటప్పుడు నీకు చెప్పకుండా ఎట్ల తీసేది?”

మామ అన్నదానిలో తప్పు లేదు. ఆడబిడ్డ చేత్తో నిలబడింది ఆమె చేతిమీదుగానే పోవాలి. అది కూడా ఆచారమేనట. అమ్మకు తెలియకపోలేదు. కాని ఆమె ఎరుకలో ఆ పల్లెలో ఎవరూ వాకిలి తీయలేదు. నిలబెట్టడమే చూసింది. అందుకే కబురు వినగానే ఆమె మనసు అటు వైపే పోయింది. మామ ఆమెను మోసం చేయలేదు. పద్ధతి తప్పకూడదనే పిలిచాడు. ఆ పద్ధతి మీద నాకు అసహ్యం పుట్టింది. ఇంత దూరం పిలిచి చూపించేకంటే, చెప్పకుండా తీసేసి ఉంటేనే మేలు కదా అనుకున్నాను.

“ఇల్లు తాళమేసి పో. నేను వద్దన్లే. వాకిలి ఎవురికి అడ్డమొచ్చింది?” అంది అమ్మ.

“మనం లేని ఇంటికి వాకిలి నిలుస్తుందా అక్కా? ఆ పక్కిండ్లు చూసినావు కదా. ఎవుడో ఒకడు పీక్కోని పోతాడు. దొంగల పాలయ్యేదానికంటే నేనే ఇచ్చేస్తే ఆడ బాడుగింటి అడ్వాన్సుకైనా అవుతుంది.”

“ఉండనీరా. ఏడాదికొకపారి నేనొచ్చి పసుపు పూసుకుంటా.”

“ఎవురుండారని వస్తావక్కా?”

ఆ మాట మామ కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. అమ్మ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

బేరగాడు బీడీ పారేసి దగ్గరికొచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, వాడి తొందర వాడిది. “మంచి చెక్కమ్మా. యాడికీ పోదు. బెంగళూరులో పెద్ద బంగ్లాలకు ఇట్లాటివే పెట్టుకుంటాండారు” అని ఓదార్చబోయాడు. నాకు ఒళ్ళు మండింది. వాణ్ణి ఏమీ అనలేక మామ మీదికి తిరిగాను. “నువ్వు ఇటుకలు మోసే బంగ్లాకే పెడతారేమో మామా!” అన్నాను.

మామ నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. “పెట్టనీ పాపా. అట్లన్నా దినామూ చూసుకుంటా” అన్నాడు.

అమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని గడప ముందు గొంతుక్కూర్చుంది. అత్త చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళకే అత్త ఎంత దూరం పోయి వచ్చిందో, చెంబు నిండా లేవు. అమ్మ పసుపు కలిపింది. గడప ఒక కొస నుంచి పూయడం మొదలుపెట్టింది. మామూలుగా పైన పూసి వదిలేస్తారు. ఆమె ముందు వైపు, లోపలి వైపు, మూలల్లో, చెక్క గోడలోకి దిగే సందుల్లో కూడా వేలు పెట్టి పూసింది. ద్వారబంధం నిలువు చెక్కలకు చేయి అందినంత ఎత్తు పూసింది. కూలీలు గడ్డపారలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ తొందరపెట్టలేదు. కుంకుమ బొట్లు పెట్టింది. టెంకాయ మాత్రం కొట్టలేదు. లేచి దాన్ని అత్త చేతిలో పెట్టి, “ఇది కొత్త వాకిలికని తెచ్చినా. పచ్చడి చేసుకోండి” అంది.

తర్వాత గడ్డపారలు పడ్డాయి. పాత మట్టిగోడ, ఎక్కువసేపు పట్టలేదు. వేపచెక్క బిగువుగా ఉంది గానీ దాని చుట్టూ ఉన్న గోడకు సత్తువ లేదు. ద్వారబంధం మొత్తంగా ఊడి ముందుకు ఒరిగినప్పుడు కూలీలు చేతులతో పట్టుకున్నారు. తడి పసుపు వాళ్ళ అరచేతులకు అంటుకుంది. ఒకడు చెయ్యి చూసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. అమ్మ అది చూసింది. ఆమె ఏడవలేదు. నేను ఏడ్చాను. మామ గోడకు ఆనుకుని మట్టిలో కూర్చుండిపోయాడు.

ట్రాక్టరు పోయాక మామ లోపలి నుంచి కాగితంలో చుట్టిన చీర తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. పద్ధతి కదా. ఏం పెట్టి కొన్నాడో తెలియదు. వద్దంటే నొచ్చుకుంటాడని అమ్మ తీసుకుంది. తమ్ముడి తల నిమిరింది. లోపలున్న సంచీ తెచ్చుకోవడానికి ఇంట్లోకి పోయి మళ్ళీ బయటికొచ్చింది. ఆ వాకిలి పొట్టిది, తల వంచకపోతే పైచెక్క నుదుటికి తగిలేది. ఇప్పుడు అక్కడ చెక్క లేదు, మనిషి నిలువెత్తు కంటే పెద్ద బొక్క ఉంది. అయినా అమ్మ లోపలికి పోయేటప్పుడు తల వంచింది, బయటికి వచ్చేటప్పుడూ తల వంచింది. లేని గడపను దాటడానికి కాలు ఎత్తింది. అది చూసి అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సంతా ఖాళీగా ఉంది. నేను ఏదో మాట్లాడాలని చూశాను. మామ అక్కడ బాగుపడతాడులే అన్నాను, వానలొస్తే వెనక్కి వస్తాడులే అన్నాను. అమ్మ గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న పసుపును మరో చేతి గోటితో తీసుకుంటూ కూర్చుంది. ఇంటికి చేరాక నాయన “నిలబెట్టినారా?” అని అడిగాడు. అమ్మ అన్నం వడ్డించడానికి లోపలికి పోయింది. విషయం నేనే చెప్పాను. నాయన చాలాసేపు చేతిలోని తువ్వాలను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. ఆయన ఆ గడప దాటి పెళ్ళికొడుకుగా లోపలికి పోయినవాడే.

మరుసటి ఉదయం బడికి వెళ్ళడానికి తల దువ్వుకుంటున్నాను. వీధిలో హారన్ మోగింది, బిందెలు కొట్టుకున్న చప్పుడైంది. నీళ్ళ ట్యాంకరు వచ్చింది. అది వచ్చిందంటే మా వీధిలో చేతిలో పని చేతిలోనే వదిలేసి పరిగెత్తాలి. ప్రహరీ అవతలి నుంచి తాడిపత్రామె కేకేసింది. “ఓ కుందుర్పామ్మా! ట్యాంకరొచ్చినాది, బిందెలు తీస్కోని రా!”

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. వినపడనంత దూరమేమీ కాదు. పొయ్యిలో పుల్ల ఎగదోసింది గానీ తల ఎత్తలేదు.

“కుందుర్పామ్మా! ఏం మ్మే, పలకవు?”

నేను వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, “అమ్మా, నిన్నే పిలుస్తాండారు” అన్నాను.

“ఆయమ్మ ఈడ లేదని చెప్పు” అంది అమ్మ. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

నేను బిందెలు తీసుకుని బయటికి నడిచాను. ట్యాంకరు చుట్టూ అప్పటికే గుంపు. తాడిపత్రామె నాకు తన ముందు చోటిచ్చి, “మీయమ్మ యాడ?” అని అడిగింది.

“మా అమ్మ లేదు పెద్దమ్మా” అన్నాను.

“యాడికి పోయింది? నిన్ననే కదా వచ్చినారు” అని ఆమె నవ్వింది. “మళ్ళీ పుట్టింటికి పోయిందా ఏంది?”

అందరి ముందూ, బిందె పట్టుకుని, నేను భోరున ఏడ్చాను.